చూచుటకు మాత్రమే

మే 28

మేనకోడలికి,

మావయ్య రాస్తున్నాను. నేను బాగానే ఉన్నాను. మోకాలు బాగాలేదు, దాని గొడవ దానిది. మీ అమ్మని అడిగానని చెప్పు.

ఒక పని పడింది. నీ జిరాక్స్ షాపుతో పని. ఫోన్లో చెబుదామని రెండుసార్లు నంబరు నొక్కాను. నువ్వు "హలో" అనగానే నాకు మాట ఆగిపోయింది. పెట్టేశాను. అందుకే ఉత్తరం.

మా వీధి తీసేస్తారట. ఇరవై ఏడు ఇళ్ళూ. నోటీసు అంటించారు. కాలువ పొంగి ఏటా ఈ వీధి మునుగుతోందట, ఖాళీ చేయించి నీళ్ళకి వదిలేస్తారట. ఏటా మునగదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ కాలువ షట్టర్ల దగ్గర కాపలా ఉన్నది నేను. రోజూ పొద్దున్నే గేజీ మీద నీటిమట్టం చూసి రిజిస్టర్లో ఎక్కించింది నేను. మా గడపలు తడవాలంటే గేజీ మీద పదకొండు అడుగులు దాటాలి.

రిజిస్టర్లకి చెద పట్టిందని ఆఫీసువాళ్ళు ఫొటోలు తీసుకుని కాగితాలు తగలబెట్టేశారు. ఫొటోలు కంప్యూటర్లో పెట్టారు. ఎవరైనా చూడొచ్చు. లైబ్రరీ ఆవిడ చూపించింది. నా రాతే. చివరి పన్నెండేళ్ళది. పైన ప్రింటు అని ఒక బొమ్మ ఉంది, బూడిద రంగులో. ఎంత నొక్కినా ఉలకదు పలకదు. నాలాంటిదే.

అభ్యంతరం ఇచ్చేవాళ్ళు ఆ పేజీల ముద్రిత ప్రతులు జతచేయాలని నోటీసులో ఉంది. ఆఫీసులో అడిగాను.

"కంప్యూటర్లో పెట్టాం కదా తాతగారూ, చూసుకోండి."

"కాగితం..." అన్నాను.

"అది చూడ్డానికేనండి. తీసుకోడానికి కాదు."

వచ్చేశాను.

పన్నెండేళ్ళు. ఏడాదికి వానల నాలుగు నెలలు. నెలకో పేజీ. మొత్తం నలభై ఎనిమిది. నువ్వు తీయగలవా? కంప్యూటర్లో అది ఎక్కడుందో లైబ్రరీ ఆవిడ రాసిచ్చిన చీటీ ఇందులో పెట్టాను. విచారణ జులై పదిహేనున.

కుదరకపోతే కుదరదని రాయి. ఏమీ అనుకోను.

మావయ్య

—

జూన్ 3

మావయ్యా,

ఆ మూగ ఫోన్లు నీవా! ఎవడో పనిలేని వెధవ అనుకుని రెండోసారి నేను తిట్టిన తిట్లు విన్నావా? విననట్టే ఉండు. అమ్మ పక్కనే కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వుతోంది. "పెళ్ళిచూపుల్లోనూ ఇంతే. ఆ పిల్ల 'మంచినీళ్ళు కావాలా' అని అడిగితే లేచి ఇంటికి వచ్చేశాడు. ఇప్పటిదాకా ఒంటరిగా ఉన్నాడంటే ఎవరి పుణ్యం, ఆ నోటి పుణ్యమే" అంటోంది. ఇవి నా మాటలు కావు, నీ తోబుట్టువు మాటలు.

ఇక పని సంగతి. బూడిదరంగు బొమ్మ నాకూ ఉలకలేదు. సరే అని కీబోర్డు మీద నుంచి ప్రింటు కొట్టాను. నలభై ఎనిమిది కాగితాలు వచ్చాయి. తెల్లగా, పాలలా, ఒక్క గీత కూడా లేకుండా! ప్రింటుకి వెళ్ళగానే పేజీ దాక్కునేట్టు కట్టుదిట్టం చేశారు. మౌసుతో కుడివైపు నొక్కితే "అనుమతి లేదు" అంటుంది. నాకు పౌరుషం వచ్చింది. పద్దెనిమిదేళ్ళుగా ఈ షాపులో చిరిగినవీ, తడిసినవీ, ఎలుక కొట్టినవీ అన్నీ కాగితం ఎక్కించాను. కళ్ళకి ఎదురుగా కనబడుతున్నది ఎక్కించలేకపోతే షట్టరు దించుకుని ఇంటికి పోవడం మంచిది.

తలుపుకి తాళం వేశారు గాని కిటికీ తీసి పెట్టారు మావయ్యా. తెర మీద ఉన్నదాన్ని తెర మీదే ఫొటో తీయొచ్చు. పేజీని పెద్దది చేశాను, అక్షరాలు మసకబారకముందే ఆపాను, పైసగం ఒక ఫొటో, కింద సగం ఒక ఫొటో. రెండూ అతికించి ఒక పేజీ. అతుకు ఎక్కడో చెప్పు చూద్దాం. మూడు రోజులు షాపులో రద్దీ లేనప్పుడల్లా కూర్చుని నలభై ఎనిమిదీ తీశాను. కవరులో ఉన్నాయి.

ఒక్కటే చిక్కు. ప్రతి పేజీ మీదా ఈ మూల నుంచి ఆ మూలకి "చూచుటకు మాత్రమే" అని పెద్ద అక్షరాలు పరుచుకుని ఉన్నాయి. నీ అంకెలు కింద కనిపిస్తూనే ఉన్నాయిలే.

ఇది దొంగతనమా అని మాత్రం అడక్కు. నువ్వు అడుగుతావని నాకు తెలుసు. నీ చేత్తో నువ్వు రాసింది.

నీ పిట్ట

—

జూన్ 10

పిట్టకి,

కవరు అందింది. అతుకు కనబడలేదు. లెన్సు పెట్టి చూశాను.

ఆఫీసుకి పట్టుకెళ్ళాను. కౌంటరు గుమాస్తా పైపేజీ చూశాడు.

"దీని మీద చూచుటకు మాత్రమే అని ఉంది కదండీ. ఎలా తీసుకుంటాం?"

"చూడండి మరి" అన్నాను. వేళాకోళం అనుకున్నట్టున్నాడు. నేను నిజంగానే అన్నాను.

"అసలు ఇవి ఎవరు తీశారు? ఇలా తీయకూడదు, తెలుసా?"

"నేనే" అన్నాను.

"మీరా?" అని నా చేతివేళ్ళ వంక చూశాడు.

కాగితాలు వెనక్కి ఇచ్చేశాడు. ఇలాంటివి ఇక పంపకు.

వీధిలో అందరూ ఏదో ఒకటి అంటున్నారు. టైలరు మిషను అమ్మేస్తానంటున్నాడు. ఇస్త్రీ ఆవిడ మాత్రం, "నన్ను లేపాలంటే ముందు నా పెట్టె చల్లారాలి" అంటోంది. బొగ్గు మీద బొగ్గు వేస్తూనే ఉంది.

మావయ్య

—

జూన్ 15

మావయ్యా,

అర్థమైంది. ఆ అక్షరాలున్నవి పంపకూడదు, అంతే కదా. లేనివి పంపిస్తున్నాను!

నాలుగు రోజులు పట్టింది. కంప్యూటర్లో ఒక్కో అక్షరం చుట్టూ గీత గీసి, తుడిచి, కింద కాగితం రంగు పూశాను. కొన్నిచోట్ల యంత్రమే తుడిచేసింది, కొన్నిచోట్ల చేత్తో. పెళ్ళికార్డుల ఆర్డరు ఒకటి ఆలస్యమై ఆయన అరిచి వెళ్ళాడు, అరవనీ. ఇప్పుడు చూస్తే నువ్వు నిన్న పొద్దున రాసిన రిజిస్టరులా ఉంది. ఆ గుమాస్తా ముక్కు మీద వేలేసుకోవాలి.

ఇంకో మాట. గట్టిగా మాట్లాడు. "ఇది నా రాత, ఇది మా వీధి" అని బల్ల గుద్ది చెప్పు. నువ్వు చెప్పలేకపోతే కాగితం ముందుకు తోసి నిలబడు చాలు.

అమ్మ నీ మోకాలికి ఏదో నూనె పంపుతానంటోంది. కవరులో పట్టదని చెప్పాను.

నీ పిట్ట

—

జూన్ 20

పిట్టకి,

నలభై ఏడే ఉన్నాయి.

ముందు దారిలో పోయిందేమో అనుకున్నాను. లెక్క చూసుకుంటే లేనిది తొమ్మిదో ఏడు ఆగస్టు. అప్పుడు అర్థమైంది. ఆ నెల ఇరయ్యో తారీఖున పదకొండు అడుగుల నాలుగు అంగుళాలు వచ్చింది. వీధిలోకి నీళ్ళు వచ్చాయి. ఇస్త్రీ ఆవిడ ఇంట్లో మోకాలు లోతు. పన్నెండేళ్ళలో ఆ ఒక్కసారే.

నువ్వు మంచికే తీసేశావు. నాకు తెలుసు. కానీ ఒక రోజు లేకపోతే అది రిజిస్టరు కాదు. వచ్చిన రోజు వచ్చిందని రాశాను కాబట్టే, రాని రోజు రాలేదంటే నమ్మాలి.

ఇంకొకటి. రెండో ఏడు జులై పద్దెనిమిది చూడు. ఆరడుగుల ఏడంగుళాలు ఉండాలి. నువ్వు పంపినదాంట్లో ఆరడుగుల ఒక అంగుళం ఉంది. నేను రాసే ఏడు అంకెకి నడుము మీద గీత ఉంటుంది, తల మీద గీత ఉంటుంది. నువ్వు "మాత్రమే" తుడిచినప్పుడు ఆ రెండు గీతలూ పోయినట్టున్నాయి. ఏడు ఒకటైంది. ఇలాంటివి పదకొండు దొరికాయి. అన్నీ నీళ్ళు తగ్గినట్టే ఉన్నాయి. మనకి మంచిదే. కానీ తప్పు.

ఇవి ఇవ్వను. పెట్టెలో పెట్టేశాను. నువ్వు ఇక ఈ పని మానెయ్యి. నేను చూసుకుంటాను.

మావయ్య

—

జూన్ 25

మావయ్యగారికి,

మానేశాను. సంతోషమేనా?

ఏడు రోజులు నా పని మానుకుని నీ పని చేస్తే నాకు దక్కింది పదకొండు తప్పుల పట్టిక. గీతలు పోయాయని నాకెలా తెలుస్తుంది? నీ ఏడు అంకెకి నడుం కట్టు ఉంటుందని లోకంలో ఎవరికి తెలుసు? ఆ ఒక్క పేజీ తీశానంటే, తీస్తాను! వాళ్ళు పన్నెండేళ్ళ రిజిస్టర్లు తగలబెట్టొచ్చు, నేను ఒక్క పేజీ దాచకూడదా? వాళ్ళు అబద్ధం ఆడి నోటీసు అంటిస్తే అది ప్రభుత్వం. నువ్వు నిజంలో ఆవగింజంత తగ్గిస్తే అది పాపం.

అసలు సంగతి నేను చెప్పనా? భయం. ఆఫీసు గుమ్మం అంటే నీకు భయం. ముప్పై ఒక్క ఏళ్ళు తల వంచుకుని బతికావు, ఇప్పుడు ఎత్తమంటే మెడ పట్టేసింది. "నేను చూసుకుంటాను" అంటే ఏం చూసుకుంటావు? తెర మీద చూసుకుంటావు. వాళ్ళు చెప్పింది అదేగా.

ఇల్లు పోతే ఇక్కడికి వచ్చెయ్యి. షాపు వెనక గది ఖాళీగానే ఉంది.

మేనకోడలు

—

జులై 2

మావయ్యా,

వారమైంది. ఉత్తరం లేదు. ఫోను చేస్తే మోగుతోంది, ఎత్తవు. కోపమొచ్చిందా? కోపమొస్తే తిట్టు. నీకు తిట్టడం రాకపోతే అమ్మ రాసిస్తానంటోంది, నువ్వు సంతకం పెట్టు.

ఒంట్లో బాగాలేదా? ఒక్క ముక్క రాయి. నాలుగు రోజుల్లో ఉత్తరం రాకపోతే షాపు మూసి బయలుదేరుతాను.

పిట్ట

—

జులై 4

పిట్టకి,

కోపం రాలేదు. ఖాళీ లేదు.

తల వంచుకునే పని అది. గేజీ కాళ్ళ దగ్గర ఉంటుంది, నీళ్ళలో. తల ఎత్తుకుని చూస్తే అంకె కనబడదు.

నేను చూసుకుంటానంటే, తెర మీద చూసి కాగితం మీద రాసుకుంటానని. అది రాయలేదు. రాసి ఉండాల్సింది.

లైబ్రరీలో కంప్యూటరు ఒకటే. మనిషికి రోజుకి అరగంట. పుస్తకంలో సంతకం పెట్టాలి. మొదటి రోజు అరగంటలో ఒక పేజీ రాశాను. నెలన్నర పడుతుందని తేలింది. లైబ్రరీ ఆవిడ పాపం ఏమీ చెయ్యలేనంది, రూలు రూలే.

మర్నాడు ఇస్త్రీ ఆవిడ నా వెనకే వచ్చింది. పుస్తకంలో వేలిముద్ర వేసింది. "నా అరగంట. నేను చూసేది ఏం లేదు. మీరు రాయండి" అని పక్కన స్టూలు మీద కూర్చుంది. తరవాత టైలరు వచ్చాడు. తరవాత ట్యూషను టీచరు. తరవాత మూడో ఇంటి గొణుగుడాయన. ఆయన అరగంటా గొణుగుతూనే ఉన్నాడు, కానీ కదల్లేదు. లైబ్రరీ ఆవిడ ఇది చూసి, "మనిషికి అరగంట అనే ఉంది, ఎవరు రాయాలో లేదు" అని ఫ్యాను నా వైపు తిప్పింది.

రోజుకి ఐదారు పేజీలు. తొమ్మిది రోజుల్లో నలభై ఎనిమిదీ అయిపోయాయి. తొమ్మిదో ఏడు ఆగస్టు కూడా. రాస్తుంటే ఒక్కో రోజూ గుర్తొచ్చింది. ఫలానా రోజు వాన, ఫలానా రోజు షట్టరు గొలుసు తెగింది.

మొన్న ఆఫీసులో ఇచ్చాను.

"ఇది ఎవరో చేత్తో రాశారు" అన్నాడు గుమాస్తా.

"నేనే."

"మరి మా కంప్యూటర్లోది?"

"అదీ నేనే."

తెర మీద తెరిచి పక్కన పెట్టి చూశాడు. ఇంకో ఇద్దరిని పిలిచాడు. ముగ్గురూ చూశారు. "రెండూ ఒకేలా ఉన్నాయే" అంది ఒకావిడ.

"ఒకే చెయ్యి" అన్నాను.

"అయినా ముద్రిత ప్రతి కాదు తాతగారూ. తీసుకోలేం."

నేను కదల్లేదు. ఆయన ఇంకొకళ్ళని పిలిచాడు, ఇంకొకళ్ళని. ఆఫీసు మూసేవేళ అయింది. "ఏం కావాలండి మీకు?" అన్నాడు.

"తీసుకోలేమని రాసివ్వండి" అన్నాను.

అంత పెద్ద మాట ఆఫీసులో నేను ఎప్పుడూ అనలేదు. రాసిచ్చాడు. సంతకం పెట్టాడు. ఆ చీటీ నా దగ్గర ఉంది.

ఆ గది ఎవరికైనా అద్దెకిచ్చెయ్యి. నేను రాను.

మావయ్య

—

జులై 8

మావయ్యా,

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. "రాసివ్వండి అన్నాడా? మనవాడేనా?" అని మూడుసార్లు అడిగింది. నాలుగోసారి నేనే చదువుకున్నాను. నేను రాసిన మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. వెనక్కి తీసుకోడానికి వీల్లేదని నువ్వు అంటావేమో, పోనీ అలాగే ఉంచి పక్కన తప్పు అని రాసుకో.

ఇప్పుడు ముఖ్యమైన విషయం. ఆ నోటీసు మొత్తం కూర్చుని చదివాను. ఆరో పేజీ అడుగున, చీమల్లాంటి అక్షరాల్లో ఇలా ఉంది: "రాతపూర్వకముగా అభ్యంతరము ఇవ్వలేనివారు విచారణ దినమున నోటిమాటగా చెప్పుకొనవచ్చును. చెప్పినది చెప్పినట్లు నమోదు చేసి, ముద్రించి, కార్యాలయపు ముద్ర వేసి, ఒక ప్రతి వారికి ఇవ్వబడును."

చూశావా? నీ రాత తీసుకోం అన్నారు కదా. మాట తీసుకోక తప్పదు. దాన్ని వాళ్ళే ముద్రించాలి.

కానీ నువ్వు నలుగురి ముందు మాట్లాడలేవు, అది నాకు తెలుసు, నీకూ తెలుసు. అందుకని ఒక లాయరుగారితో మాట్లాడాను. మా షాపులో కాగితాలు తీయించుకుంటారు. ఆయన వస్తారు, నీ తరఫున అరగంటలో అంతా చెప్పేస్తారు. నువ్వు వెనక కుర్చీలో కూర్చుంటే చాలు. సరేనని ఒక్క ముక్క రాయి.

నీ పిట్ట

—

జులై 11

పిట్టకి,

లాయరుగారు వద్దు. ఆయన ఆ రోజుల్లో అక్కడ లేరు.

నాకు మాట్లాడటం రాదు. చదవడం వచ్చు. చిన్నప్పుడు బళ్ళో ఎక్కాలు నేనే చెప్పించేవాణ్ణి. అది మాట్లాడటం కాదు కదా.

నువ్వు రావద్దు. నువ్వు ఎదురుగా ఉంటే నాకు సిగ్గు.

మావయ్య

—

జులై 18

పిట్టకి,

అయిపోయింది. వరసగా రాస్తాను.

మీటింగు హాల్లో పెట్టారు. రెండు ఫ్యాన్లు, తిరిగేది ఒకటి. అధికారి మర్యాదస్తుడే. పక్కన టైపు చేసే అమ్మాయి. నన్ను ముందు పిలిచారు. లేచాను.

"చెప్పండి" అన్నాడు.

కాగితం తీశాను. మొదటి ఏడు, జూన్ ఒకటి, రెండడుగుల పదకొండంగుళాలు. అది గొంతులో ఇరుక్కుంది. జూన్ రెండు, రెండడుగుల పదకొండంగుళాలు. అది కొంచెం వచ్చింది. జూన్ మూడు, మూడడుగులు. అది దానంతట అదే వచ్చింది.

"పెద్దాయనా, సారాంశం చెప్పండి" అన్నాడు అధికారి.

"సారాంశం లేదండి. రోజులే ఉన్నాయి" అన్నాను. చదివాను.

"ఈ అంకెలన్నీ కొట్టక్కర్లేదమ్మా" అన్నాడు ఆ అమ్మాయితో. ఆ అమ్మాయి తల ఎత్తలేదు. "చెప్పింది చెప్పినట్టు అని ఉంది సార్" అంది. టకటకా కొడుతూనే ఉంది.

అధికారి వాచీ తీసి బల్ల మీద పెట్టాడు. మనిషికి పది నిమిషాలన్నాడు. అందరికీ అవకాశం ఇవ్వాలి కదా అన్నాడు. నేను రెండో పేజీలో ఉన్నాను. పది నిమిషాలు అయిపోయాయి. కూర్చోమన్నాడు. కూర్చున్నాను.

అంతా పోయిందనుకున్నాను. నీకు అబద్ధం ఎందుకు చెప్పాలి.

ట్యూషను టీచరు లేచింది. "నాకూ అభ్యంతరం ఉంది. నాదీ అదే వీధి" అంది. నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. "ఎక్కడ ఆపారు?" అంది. వేలు పెట్టి చూపించాను. వెళ్ళి నిలబడి, "జులై ఇరవై ఐదు" అని మొదలుపెట్టింది.

పిట్టా, నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. ముందు అనుకోలేదు కూడా.

ఆమె పది నిమిషాలు అయ్యాక టైలరు. చొక్కా కొలతలు చెప్పినట్టు చదివాడు, అడుగు అంగుళం తడుముకోకుండా. తరవాత గొణుగుడాయన. ఏడాదంతా గొణిగే మనిషి కంచు మోగినట్టు చదివాడు. అధికారి చెవి పట్టుకున్నాడు. చదువు రానివాళ్ళ పక్కన నేను నిలబడ్డాను. నేను చెవిలో చెబితే వాళ్ళు పైకి చెప్పారు. నేను చిన్నగానే చెప్పాను. వాళ్ళు హాలు దద్దరిల్లేట్టు చెప్పారు.

"ఇదేం పద్ధతండీ?" అన్నాడు అధికారి ఒకసారి.

"మనిషికి పది నిమిషాలన్నారు కదండీ" అన్నాడు టైలరు. "మేం ఇరవై ఏడు ఇళ్ళు."

ఆ రోజు సరిపోలేదు. మర్నాడు రమ్మన్నారు. ఎవరూ రారనుకున్నట్టున్నారు. అందరం వెళ్ళాం.

రెండో రోజు తొమ్మిదో ఏడు ఆగస్టు వచ్చింది. ఎవరూ అలా పెట్టలేదు, వంతు ప్రకారం అది ఇస్త్రీ ఆవిడకి పడింది. నేను చెవిలో చెప్పాను. ఆగస్టు ఇరవై, పదకొండడుగుల నాలుగంగుళాలు. ఆవిడ నా వంక చూసింది. పైకి చెప్పలేదు. నేను మళ్ళీ చెప్పాను.

"ఆగస్టు ఇరవై. పదకొండడుగుల నాలుగంగుళాలు" అంది.

అధికారి తల ఎత్తాడు. కలం తీశాడు. రెండు రోజుల్లో కలం తీయడం అదే మొదలు. "ఇది మీకు వ్యతిరేకం అమ్మా. తెలిసే చెబుతున్నారా?"

"నా ఇంట్లోకి వచ్చిన నీళ్ళు మీరు చెబితే తెలుసుకోవాలా నేను? మంచం కోళ్ళు మునిగాయి. రాసుకోండి. ఆ రోజు వచ్చింది. ఇరవై ఒకటి, తొమ్మిదడుగుల ఒక అంగుళం. మర్నాడు పోయింది. అదీ రాసుకోండి."

ఆ తరవాత ఆయన వాచీ చూడలేదు. వింటూ కూర్చున్నాడు.

ఇరవై ఏడు ఇళ్ళూ అయ్యేసరికి రిజిస్టర్లో ఇంకా ఆరు రోజుల అంకెలు మిగిలాయి. చదివే మనిషి లేడు. అందరి వంతులూ అయిపోయాయి. అధికారి నా వైపు తిరిగి, "అవి కూడా చదివెయ్యండి" అన్నాడు. చదివాను.

టైపు అమ్మాయి వేళ్ళు విరుచుకుంది. నాకు గొంతు పోయింది. ఇప్పుడు కూడా లేదు. ఎలాగూ దాంతో పెద్ద పని లేదు.

మావయ్య

—

జులై 23

మావయ్యా,

అమ్మ ఏడ్చింది. తరవాత నవ్వింది. తరవాత, "ఆ పెళ్ళిచూపులకి కూడా ఎవరైనా రిజిస్టరు ఇచ్చి పంపాల్సింది" అంది.

నేను రెండు రోజులుగా షాపుకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతున్నాను. పెళ్ళికార్డులాయనకి కూడా. ఆయన కోపం మానేసి, "తరవాత ఏమైంది?" అని కూర్చున్నాడు. గుమ్మం మీద కొత్త బోర్డు పెడదామనుకుంటున్నాను: "కంటికి కనబడునది ఏదైనను ముద్రించబడును."

నేను పేజీ తీసేశాను. ఆవిడ అదే పేజీ నిలబడి చెప్పింది.

తీర్పు ఏమైందో రాయి. కాగితం ఇచ్చారా? నువ్వు రమ్మన్నా వద్దన్నా వచ్చే నెల వస్తున్నాను. సిగ్గుపడితే పడు.

నీ పిట్ట

—

ఆగస్టు 12

పిట్టకి,

కాగితం ఇచ్చారు. యాభై ఆరు పేజీలు. ప్రతి పేజీకీ ఆఫీసు ముద్ర. ఇరవై ఏడు ఇళ్ళకీ ఇరవై ఏడు కట్టలు. వాళ్ళ ప్రింటరు వేడెక్కి రెండుసార్లు ఆగిందట. ఇచ్చేటప్పుడు గుమాస్తా, "సరిచూసుకోండి తాతగారూ" అన్నాడు. కూర్చుని సరిచూశాను. నాలుగు తప్పులున్నాయి. దిద్ది మళ్ళీ ఇచ్చారు. ఈసారి ఆయన కుర్చీ వేశాడు.

తీర్పు కూడా వచ్చింది. ఏటా మునుగుతుందన్న మాట కొట్టేశారు. మూడు వర్షాకాలాలు కొత్తగా కొలిచి అప్పుడు తేలుస్తారట. అందాకా వీధిని ముట్టుకోరు. గెలిచామని టైలరు అంటున్నాడు. మిషను అమ్మడం మానేశాడు. నేను గెలిచామనను. మూడేళ్ళు వచ్చాయి.

గేజీకి ఒక పెట్టె బిగించారు. అదే కొలిచి అదే కంప్యూటర్లోకి పంపుతుందట. మనుషులు అక్కర్లేదట. పెట్టె తప్పు చెబితే ఎవరికి తెలుస్తుందని వీధిలో అడిగారు. అందుకని మేమూ కొలుస్తున్నాం. పొడుగు నోటుపుస్తకం కొన్నాం. రోజుకో ఇల్లు. పెట్టె బిగించినతను వచ్చి, "ఇది మీ పని కాదు" అన్నాడు. "కాదు" అన్నాను. ఆ రోజు మట్టం రాసుకుని వచ్చాను.

ఇస్త్రీ ఆవిడ అంకెలు నేర్చుకుంది. ట్యూషను టీచరు నేర్పింది. ఇవాళ వంతు ఆవిడది. పొద్దున్నే మెట్లు దిగి, తల వంచి, చాలాసేపు చూసింది. నేను వెనక నిలబడ్డాను, ఏమీ చెప్పలేదు. ఐదడుగుల ఏడంగుళాలు అని రాసింది. వంగి చూశాను.

సరిగ్గానే ఉంది.

మావయ్య